ఆపరేషను కోసం విదేశం వెళ్తున్నారా? గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒడిశాలోని బరంపురంలో ఇన్సూరెన్సు పని చేస్తాను. ఒకప్పుడు మనవాళ్లకు పెద్ద ఆపరేషనంటే విశాఖ వెళ్దామా, భువనేశ్వరం వెళ్దామా అన్నదే ఆలోచన. 2023 నవంబరులో థాయిలాండ్ మనకు వీసా అక్కర్లేదన్నాక బ్యాంకాక్ పేరు వినిపిస్తోంది. జుట్టు కోసమైతే ఇస్తాంబుల్ అంటున్నారు. ఇచ్ఛాపురం నుంచి గుణుపురం దాకా మన తెలుగువాళ్లు నన్ను ఇంటి దగ్గరా, పెళ్లిళ్లలో, ఫోన్లలో అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఇది ఏ ఆపరేషన్ల గురించి?

మనం ముహూర్తం పెట్టుకుని చేయించుకునే వాటి గురించి. జుట్టు నాటించుకోవడం, పళ్లకు తొడుగులు వేయించుకోవడం, కొవ్వు తీయించుకునే లైపోసక్షన్, ముక్కు సరిచేయించుకోవడం, కళ్లద్దాలు తీసేసే లేజర్, బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే ఆపరేషను. ఈరోజు చేయించుకోకపోతే ప్రాణం మీదికి రాదు కాబట్టి ఇన్సూరెన్సు వాళ్లు వీటిని వేరే కళ్లతో చూస్తారు. గుండెపోటుకు, కాలు విరగడానికి వర్తించే నియమాలు వీటికి వర్తించవు.

నాకు పది లక్షల హెల్త్ పాలసీ ఉంది. అక్కడ పనికొస్తుందా?

దాదాపు ఖాయంగా పనికిరాదు. మన దగ్గర అమ్ముడయ్యే మామూలు హెల్త్ పాలసీలు భారతదేశంలో జరిగే చికిత్సకే డబ్బిస్తాయి. అది మొదటి గోడ.

రెండో గోడ ఇంకా ఎత్తు. ఏవేవి ఇవ్వరో ఆ పదజాలాన్ని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని కంపెనీలకూ ఒకేలా ఖరారు చేసింది. మీ పాలసీ పుస్తకంలో మినహాయింపుల పేజీ తీయండి. కోడ్ 08 అని ఉన్నచోట అందం కోసం, రూపం మార్చుకోవడం కోసం చేసే సర్జరీ ఖర్చు ఇవ్వమని ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఇస్తారు. ఒంటికి తక్షణ ముప్పు తొలగించడానికి అవసరమని డాక్టరు రాసిచ్చినా ఇస్తారు. కోడ్ 15 ప్రకారం చూపు లోపం (కళ్లద్దాల పవరు) 7.5 డయాప్టర్లకు తక్కువైతే లేజర్‌కు రాదు. కోడ్ 06 బరువుకు సంబంధించినది: బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి, లేదా కనీసం 35 ఉండి తీవ్రమైన షుగరు, గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగడం లాంటివి ఉండాలి, అది కూడా డాక్టరు సలహా మీద జరగాలి. కాబట్టి జుట్టు, ముక్కు, లైపో ఇక్కడ చేయించుకున్నా రావు, విదేశంలో చేయించుకున్నా రావు.

ఇంగ్లిషు పుస్తకం చదవడం కష్టమైతే, కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీటు అని పాలసీ సారాంశం ఒకటి ఉంటుంది. దాన్ని స్థానిక భాషలో అడిగి తీసుకునే హక్కు మీకుంది. మనవాళ్లు అడగరు, అందుకే వాళ్లూ ఇవ్వరు.

మా పాలసీ మీద 'వరల్డ్‌వైడ్ కవర్' అని ఉంది. మరి అది?

ఆ మాట వెనక ఏముందో చూడాలి. కొన్ని పాలసీల్లో విదేశంలో హఠాత్తుగా వచ్చే అనారోగ్యానికి మాత్రమే ఇస్తారు. కొన్నింట్లో ముందే అనుకుని వెళ్లే చికిత్సకూ ఇస్తారు గానీ, పాలసీలో పేరు రాసిన పెద్ద జబ్బులకే. ఆ జబ్బు ఇండియాలో బయటపడి ఉండాలి, బయల్దేరే ముందే కంపెనీ అనుమతి ఉండాలి. అందం కోసం చేసేవి అందులోనూ ఉండవు.

ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకుంటే సరిపోదా?

నేను ఈ పేజీ రాయడానికి కారణమే ఈ ప్రశ్న.

మా చెల్లెలి కొడుకు పెళ్లికి నాలుగు నెలల ముందు జుట్టు నాటించుకోవడానికి విదేశం వెళ్లాడు. ట్రావెల్ పాలసీ నేనే చేయించాను. ఎందుకు వెళ్తున్నావురా అని అడగలేదు, ఊరు చూడటానికనుకున్నాను. అయిదో రోజు తిరుగు విమానం ఎక్కాడు. భువనేశ్వరం నుంచి రైల్లో వస్తున్నప్పుడే తల వెనక, జుట్టు తీసినచోట, మంట మొదలైందట. ఇంటికొచ్చేసరికి మెడకింద పెట్టుకున్న దిండు గలేబు పసుపుపచ్చగా తడిసి తలకు అంటుకుపోయి ఉంది. మా చెల్లి గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి, అరగంట సేపు తడుపుతూ, దాన్ని ఊడదీసింది. వాడు పళ్లు బిగించి కూర్చున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, అక్కడ ఏ యాంటీబయాటిక్ ఇచ్చారని. మా దగ్గరున్నవి రెండు కాగితాలు, మాకెవరికీ రాని భాషలో. ఫోను కెమెరా పెట్టి తర్జుమా చేయబోయాం. అచ్చులో ఉన్నదంతా వచ్చింది. మందు పేరు చేత్తో రాశారు, అది మాత్రం ఫోనుకు అంతుపట్టలేదు. క్లినిక్‌కు పంపిన మెసేజీకి రెండు రోజుల తర్వాత ఒక బొమ్మ గుర్తు జవాబుగా వచ్చింది.

తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. క్లెయిము పెట్టాం. తిరస్కరిస్తూ వచ్చిన ఉత్తరంలో కారణం ఒక్క వాక్యం: చికిత్స పొందడమే ఉద్దేశంగా చేసిన ప్రయాణానికి ఈ పాలసీ వర్తించదు. ఆ షరతు పాలసీలో ముందునుంచీ ఉంది. నేను అమ్మిన కాగితమే అది.

ట్రావెల్ ఇన్సూరెన్సు అనుకోకుండా వచ్చిన ఆపద కోసం తయారైంది: దారిలో ప్రమాదం, హఠాత్తుగా జ్వరం, సామాను పోవడం, విమానం రద్దు. వైద్యం కోసమే వెళ్లే ప్రయాణాన్ని మామూలు ట్రావెల్ పాలసీలు మినహాయింపుల్లోనే పెడతాయి. ఆ ఆపరేషన్ వల్ల వచ్చే కాంప్లికేషన్లు కూడా ఆ మినహాయింపు కిందికే వస్తాయి. అక్కడ రోడ్డు దాటుతూ స్కూటరు గుద్దితే ఇవ్వాలని మీరు వాదించవచ్చు. కుట్లు చీము పడితే ఆ వాదన కూడా ఉండదు.

ప్రయాణ కారణం 'టూరిజం' అని రాస్తే తెలుస్తుందా?

తెలుస్తుంది. క్లెయిముతో పాటు డిశ్చార్జి సమ్మరీ ఇవ్వాలి కదా, అందులో ఆపరేషను తేదీ ఉంటుంది. అబద్ధం రాశారని తేలితే ఈ క్లెయిముతో పాటు పాలసీ మొత్తం రద్దు చేసే వీలు కంపెనీకి దొరుకుతుంది. దయచేసి అలా రాయకండి. ఏజెంటు రాయమని చెప్పినా రాయకండి.

ఆయుష్మాన్ కార్డు ఉంది కదా?

ఒడిశా 2025 ఏప్రిల్లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. రాష్ట్రపు గోపబంధు పథకంతో కలిపి కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకు అదనంగా మరో అయిదు లక్షలు. దేశంలో పథకం కింద ఉన్న ఆస్పత్రుల్లో చెల్లుతుంది, సరిహద్దు దాటి విశాఖ వెళ్లే మనవాళ్లకు అది పెద్ద ఊరట. దేశం దాటితే చెల్లదు. అందం కోసం చేసే వాటికి ఎక్కడా లేదు.

తిరిగొచ్చాక బరంపురంలో చేరితే మన హెల్త్ పాలసీ ఇస్తుందా?

ఇక్కడ ఖచ్చితమైన జవాబు పాలసీ మాటల్లోనే ఉంటుంది. ఒంట్లో విషం పాకుతున్న ఇన్‌ఫెక్షన్ ప్రాణానికి ముప్పే, దాని చికిత్స అందం కోసం చేసేది కాదు అని మీరు వాదిస్తారు. మినహాయించిన ఆపరేషను నుంచి పుట్టిన జబ్బు కాబట్టి మినహాయింపులోకే వస్తుందని కంపెనీ వాదిస్తుంది. వెళ్లే ముందే కంపెనీకి ఈమెయిలు పెట్టి లిఖితంగా జవాబు తెచ్చుకోండి. ఫోన్లో ఎవరో 'వస్తుందండీ' అన్నది ఎక్కడా నిలవదు.

చేరేటప్పుడు ఆపరేషను సంగతి మాత్రం డాక్టరుకు దాచకండి. క్లెయిము పోతుందన్న భయంతో 'జారి పడ్డాడు' అని చెప్పిన కుటుంబాలు నాకు తెలుసు. డాక్టరు తప్పుదారిలో వెతుకుతాడు, మీ గంటలు పోతాయి.

క్లినిక్ వాళ్లు గ్యారంటీ ఇస్తున్నారు, కాంప్లికేషన్ కవర్ కూడా ఉందంటున్నారు.

మూడు సంగతులు అడగండి. ఆ డబ్బు ఇచ్చేది క్లినిక్కా, ఇన్సూరెన్సు కంపెనీయా? ఎన్నాళ్ల వరకు? చికిత్స ఎక్కడ జరగాలి? మూడోదే అసలు చిక్కు. సాధారణంగా మళ్లీ వాళ్ల దగ్గరికే రమ్మంటారు, టికెట్టు మీది. జ్వరంతో ఒణుకుతున్న మనిషి పర్లాకిమిడి నుంచి మళ్లీ బ్యాంకాక్ ఎలా వెళ్తాడు? బరంపురంలో అయ్యే బిల్లు కడతామని రాసిస్తేనే అది కవర్.

ప్రాణం పోతే టర్మ్ పాలసీ డబ్బు వస్తుందా?

టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా, వస్తుంది. ఎక్కడ చనిపోయినా, ఆపరేషన్ బల్ల మీద చనిపోయినా సాధారణంగా ఇస్తారు. పాలసీ తీసుకున్నప్పుడు జబ్బులు దాచి ఉండకూడదు, అంతే. దానికి అదనంగా జతచేసుకునే యాక్సిడెంట్ రైడరు మాత్రం వేరు. ఆపరేషన్ వికటించడాన్ని ప్రమాదంగా లెక్కకట్టరు.

అక్కడ చనిపోతే శరీరాన్ని తీసుకురావడానికి మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ ధ్రువపత్రం, రాయబార కార్యాలయపు అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు కావాలి. మన వైపు విమానాశ్రయ అనుమతులకు 2023 నుంచి ఈ-కేర్ పోర్టల్ ఉంది. చేతిలో డబ్బు లేని కుటుంబాలకు భారత రాయబార కార్యాలయాల్లో సంక్షేమ నిధి ఉంటుంది, అడగాలి. ఆస్పత్రి బాకీలు వాళ్లే తీరుస్తారని మాత్రం అనుకోకండి.

అసలు ప్రమాదం ఎంత? అందరూ బాగానే వస్తున్నారు కదా?

చాలామంది బాగానే వస్తున్నారు. మంచి ఆస్పత్రులు ఆ దేశాల్లో ఎన్నో ఉన్నాయి. బ్యాంకాక్‌లోని బుమ్రుంగ్రాడ్ ఆసియాలోనే మొదటగా, 2002లో, ఆస్పత్రుల నాణ్యతను తనిఖీ చేసే అంతర్జాతీయ సంస్థ జేసీఐ గుర్తింపు పొందింది. ఆ దేశంలో వైద్యం చెడ్డదని నేను అనను. అంత దూరంలో, తక్కువ రోజుల్లో, తెలియని చోట తప్పు జరిగితే పట్టుకునేవాళ్లు ఉండరన్నదే నా బాధ.

తప్పు జరిగితే ఎలా ఉంటుందో 2023లో రెండుచోట్ల కనిపించింది. టర్కీలో బరువు తగ్గడానికని కడుపు గోడలోకి బొటులినమ్ (బోటాక్స్‌లో ఉండే, కండరాలను సడలించే మందు) ఇంజెక్షన్లు చేయించుకున్న అరవై మందికి పైగా బొటులిజం వచ్చింది. కండరాలు చచ్చుబడి కొందరిని ఐసీయూలో పెట్టాల్సి వచ్చింది. కొందరికి లక్షణాలు సొంత దేశానికి తిరిగొచ్చాకే బయటపడ్డాయి. అదే ఏడాది మెక్సికోలోని మటమోరోస్‌లో రెండు క్లినిక్‌లలో వెన్నులో మత్తు ఇచ్చి అందం ఆపరేషన్లు చేసినవాళ్లకు మెదడు పొరల్లో ఫంగస్ చేరింది. పది మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. మొదట్లో అది మామూలు తలనొప్పిలాగే ఉంటుంది.

పిరుదులు పెంచడానికి కొవ్వు ఎక్కించే ఆపరేషను గురించి ఒక్క మాట. సర్జన్ల సంఘాలు 2017లో వేసిన అంచనా ప్రకారం సుమారు మూడు వేల మందిలో ఒకరు దానివల్ల చనిపోయారు. కొవ్వు పెద్ద రక్తనాళంలోకి జారి ఊపిరితిత్తులకు చేరడమే కారణం. ఆ ఆపరేషనుకు ఎవరైనా బయల్దేరితే నేను వద్దనే అంటాను, ఏ దేశమైనా సరే.

ఆపరేషను అయ్యాక ఎన్ని రోజులకు విమానం ఎక్కవచ్చు?

పొట్ట, ఛాతీ ఆపరేషన్ల తర్వాత కనీసం పది రోజులు. ముఖం, ముక్కు, కనురెప్పలకు ఏడు నుంచి పది రోజులు. లైపోకు కనీసం అయిదు నుంచి ఏడు రోజులు. చివరి మాట మీ సర్జనుదే, కానీ ప్యాకేజీ అమ్మేవాళ్లు చెప్పే 'అయిదు రోజుల్లో రాకపోకలు' ఈ లెక్కలో పట్టదు.

విమానంలో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఒంట్లో చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది, కొత్త కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే మనిషి నిలబడిన చోటే కూలిపోవచ్చు. మనకు విమానం దిగాక కూడా ప్రయాణం అయిపోదు. భువనేశ్వరం నుంచి బరంపురానికి నూట డెబ్బై కిలోమీటర్లు, అక్కడి నుంచి పర్లాకిమిడికో రాయగడకో ఘాట్ రోడ్డు. ఆ గంటలు కూడా కూర్చునే గంటలే. దారిలో గంటకోసారి దిగి నడవండి. పిక్క ఒకటే వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటికి కాదు, ఆస్పత్రికి.

మన జిల్లాలవాళ్లు అక్కడి డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, ఇవి ఏ ప్యాకేజీ ఫారంలోనూ ఉండవు.

సికిల్‌సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు, ఒడిశాలో చాలా కుటుంబాల్లో ఉంది. లక్షణం మోస్తూ ఆరోగ్యంగానే తిరిగేవాళ్లకు తెలియనే తెలియదు. జబ్బు ఉన్నవాళ్లకు మత్తు, నీరు తగ్గిపోవడం, ఆక్సిజన్ తగ్గడం ఒకదాని మీద ఒకటి పడితే ప్రాణాంతకం. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్ కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్ష చేస్తున్నారు. వెళ్లే ముందు ఆ పరీక్ష చేయించుకోండి.

రాయగడ, కోరాపుట్, మల్కానగిరి మలేరియా జిల్లాలు. దోమ కుట్టిన వారం, రెండు వారాల తర్వాత జ్వరం వస్తుంది. ఆపరేషనైన నాలుగో రోజు బ్యాంకాక్‌లో జ్వరం వస్తే అక్కడి డాక్టరు గాయం వైపే చూస్తాడు. 'మాది మలేరియా ఉన్న జిల్లా, రక్తం చూడండి' అని మీరే చెప్పాలి. తిరిగొచ్చాక జ్వరమొస్తే దీనికి తలకిందులు: ఇక్కడ మలేరియా అని మాత్రలు ఇచ్చి పంపేస్తారు, గాయం చూపించాలి.

షుగరు, బీపీ, ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పల్చన చేసే మాత్రలు, పసరు మందులు, ఏదీ దాచొద్దు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది, ముందే మొదలుపెట్టండి.

మంచి క్లినిక్ అని ఎలా తెలుసుకోవాలి?

ఇన్‌స్టాగ్రామ్ బొమ్మలు చూసి కాదు. ఆస్పత్రి పేరు జేసీఐ వెబ్‌సైటులో ఉందో చూడండి. టర్కీలో విదేశీ రోగులను చేర్చుకోవడానికి ఆరోగ్యశాఖ ఇచ్చే అనుమతి పత్రం ఉంటుంది, అది అడగండి. ఆపరేషను చేసే డాక్టరు పేరు, మత్తు ఇచ్చే డాక్టరు పేరు లిఖితంగా తీసుకోండి. జుట్టు క్లినిక్‌లలో కోట్ వేసుకుని ఫోటో దిగేది డాక్టరు, సూది పట్టేది టెక్నీషియన్ అయ్యే అవకాశం ఎక్కువ. మన దేశంలో 2022లోనే జాతీయ వైద్య కమిషన్ ఈ పని నమోదైన వైద్యులే చేయాలని చెప్పింది.

ఒకే రోజు రెండు మూడు ఆపరేషన్లు కలిపి చేస్తామంటే, ఒకేసారి అయిదు లీటర్లకు మించి కొవ్వు తీస్తామంటే లేచి వచ్చేయండి.

ఊళ్లో ఏజెంటే అంతా చూసుకుంటానంటున్నాడు.

అతని పేరు మీద బిల్లు ఇమ్మనండి, డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. విదేశీ క్లినిక్ మీద కేసు వేస్తే తీర్పు వచ్చినా అమలు చేయించడం మహాకష్టం. ఇక్కడ డబ్బు తీసుకున్న ఏజెంటు మీదైతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే ఫిర్యాదు చేయవచ్చు, రెండేళ్లలోపు. రసీదు లేకపోతే ఆ తలుపు కూడా మూసుకుపోతుంది.

కిడ్నీ ఇస్తే డబ్బిచ్చి విదేశం తీసుకెళ్తామంటున్నారు…

ఇది ఈ పేజీ విషయం కాదు, అయినా వదిలేయలేను, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మన పక్కనే ఉంది కాబట్టి. వెళ్లొద్దు. కిడ్నీ అమ్మడం, కొనడం 1994 చట్టం ప్రకారం నేరం. 2024 మేలో కొచ్చి విమానాశ్రయంలో బయటపడిన కేసులో మనుషులను ఇరాన్ తీసుకెళ్లి కిడ్నీలు తీయించారు. పోలీసులకు చెప్పండి.

వచ్చేటప్పుడు ఏ కాగితాలు తెచ్చుకోవాలి?

ఇంగ్లిషులో టైపు చేసిన డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషను నోట్సు, ఇచ్చిన మందుల జనరిక్ పేర్లు, లోపల ఏదైనా అమర్చితే దాని స్టిక్కరు, మత్తు రికార్డు, ఇరవైనాలుగు గంటలూ పలికే నంబరు. చేత్తో రాసింది వద్దు. ఇవి చేతికొచ్చాకే ఆఖరి విడత డబ్బు కట్టండి.

కంపెనీ అన్యాయంగా తిరస్కరించిందనిపిస్తే?

ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా తగాదాలు తీర్చే అధికారి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఒడిశావాళ్లకు కార్యాలయం భువనేశ్వరంలో ఉంది. పాలసీ శ్రీకాకుళం బ్రాంచిలో తీసుకున్నా మీరుండేది గంజాం అయితే భువనేశ్వరమే చాలు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి, యాభై లక్షల వరకు ఇప్పించగలరు. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల విభాగం బీమా భరోసా నంబరు 155255.

ఇప్పటికే అడ్వాన్సు కట్టేశాం. టికెట్లు కూడా అయిపోయాయి.

అయితే తిరుగు టికెట్టు తేదీ మార్చండి, అదే మొదటి పని. ఆపరేషను ఖర్చులో కనీసం సగమంత డబ్బు ముట్టకుండా పక్కన పెట్టండి. ఇది నా లెక్క, మా ఇంట్లో అయిన బిల్లు చూశాక వేసుకున్న లెక్క. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి, ఇంగ్లిషు మాట్లాడగలిగినవాళ్లను. తిరిగొచ్చాక చూసే డాక్టరును ఇప్పుడే, వెళ్లకముందే, బరంపురంలోనో విశాఖలోనో కలిసి విషయం చెప్పి, ఆయన ఫోను నంబరు రాసుకోండి. 'నేను చూస్తాను' అని ఆయన అనకపోతే, పోయేది అడ్వాన్సే కదా, పోనివ్వండి.